రెండో పురుడు

నర్సీపట్నంలో ఆ వీధికి వెళ్లి మంచి కోడలెవరని అడిగితే, అందరూ కళావతి ఇల్లే చూపిస్తారు. ఆ పేరే ఆమె కొంప ముంచింది.

అత్తగారు సింహాద్రమ్మ పక్షవాతంతో మంచాన పడ్డప్పటి నుంచి స్నానం, పక్క మార్చడం, అన్నం తినిపించడం అన్నీ కళావతే. ఇంకెవరు ముద్ద పెట్టినా ముసలావిడ మూతి ముడుచుకుంటుంది. "మాయమ్మకి నీ సెయ్యే అలవాటైపోనాది కళావతీ" అంటూ ఆడపడుచు సత్యలక్ష్మి మాకవరపాలెం నుంచి అరటిపళ్లతో వచ్చి, టీ తాగి, మెచ్చుకుని, చీకటి పడకముందే ఆటో ఎక్కేసేది. మెచ్చుకోవడానికి ఆవిడదేం పోయింది?

కళావతి కూతురు శ్రీదుర్గని రోలుగుంట ఇచ్చారు. తొలి కాన్పుకి పిల్లని పుట్టింటికి తెచ్చుకోవాలి. తల్లే దగ్గరుండి పురుడు పొయ్యాలి. అందుకని కళావతి ఆడపడుచుకి ఫోన్ చేసి, "వదినా, అత్తయ్యని కొన్నాల్లు మీకాడ..." అని మొదలుపెట్టింది. "జీడితోటలో పనులే కళావతీ, మీ అన్నయ్యకి సూత్తే షుగరు" అని అవతలి నుంచి వినబడగానే, "సర్లెండి వదినా, నానే సూసుకుంటాను" అనేసింది. పక్కనే ఉన్న మొగుడు ధర్మారావు హమ్మయ్య అనుకుని పేపరు తిరగేశాడు.

పురుడు రోలుగుంటలో వియ్యపురాలు జోగులమ్మ పోసింది. కళావతి వెళ్లి, మనవడిని కాసేపు ఒళ్లో పెట్టుకుని, అత్తగారి భోజనం వేళ దాటిపోతోందని పరిగెత్తుకొచ్చింది. బయల్దేరుతుంటే శ్రీదుర్గ పిల్లాణ్ణి అందుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తిరగడమే కళావతిని చాలాకాలం కాల్చింది.

రెండేళ్లకి శ్రీదుర్గ మళ్లీ నీళ్లోసుకుంది. ఈసారి కళావతి ఫోన్ చెయ్యలేదు. సత్యలక్ష్మి వచ్చినప్పుడు టీ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"వదినా, అత్తయ్యని మీరు తీసికెల్లాలి. పిల్లకి పురుడు నాను పొయ్యాలి."

"నువ్వు పెట్టకపోతే మాయమ్మకి ముద్ద దిగదే!"

"అయితే మీరు అలవాటు సెయ్యండి. నా వల్ల కాదు."

ఇన్నేళ్లూ గొంతులో అడ్డంపడ్డ మాట, బయటికొచ్చాక చూస్తే ఇంత చిన్నది. సత్యలక్ష్మి ఏడ్చింది, తమ్ముడి మీద అరిచింది, మంచి కోడలన్న పేరుని వీధంతా వినేలా వెనక్కి తీసేసుకుంది. ధర్మారావు పేపరు కోసం చెయ్యి చాపి, పెళ్లాం ముఖం చూసి, ఆటో మాట్లాడ్డానికి లేచాడు.

మాకవరపాలెంలో సింహాద్రమ్మ ఒకరోజు మూతి ముడుచుకుని, మర్నాడు ఆకలికి ఆగలేక కూతురి చేతి అన్నం తినేసిందట. ఆ కబురు విని కళావతి నవ్వలేక, ఏడవలేక వంటింట్లో నిలబడిపోయింది. అప్పుడు పంపించినా ఇలాగే తినేది కదా! అడగాల్సింది గట్టిగా అడిగి ఉంటే సరిపోయేది. తనే అడగలేదు.

గది కడిగి, పరుపు ఎండలో వేసి, కూతురికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆదివారం నాన్న వత్తారు. బట్టలు సర్దుకో. ఈ పురుడు నాను పోస్తాను."

అవతల పిల్లాడి అల్లరి వినబడింది. వాణ్ణి ఎవరికో అందించి వచ్చింది శ్రీదుర్గ.

"ఒద్దులేమ్మా. రెండోది అత్తింట్లోనే కదా పద్ధతి. అత్తమ్మకి ఇక్కడే ఉంటానని సెప్పీసాను."

"పద్ధతిదేముందే? నాను ఒప్పిస్తాను జోగులమ్మ గారిని."

"అది కాదమ్మా. తొలిసారి నాకు శానా బయమేసింది. నువ్వుంటే బాగున్నని ఏడిసీదాన్ని. ఇప్పుడు బయం నేదు. నువ్వేటీ బెంగెట్టుకోకు. పుట్టేక వచ్చి సూసెల్లు."

కోపంగా అని ఉంటే కళావతి బతిమాలుకునేది. పిల్ల ఎంతో ప్రేమగా చెప్పింది.

"సరేనమ్మా" అంది.