పత్తి కాంటా మీద ఆర్కిటిక్

సుమలత టీచర్ ఆర్కిటిక్‌కు పోతున్నదని పాలకుర్తిలో అందరికన్నా ముందు పోశాలు సేటుకు తెలిసింది. సంచి తూయించుకోవడానికి ఆమె వచ్చింది ఆయన పత్తి కాంటా దగ్గరికే మరి.

మే నెల. పత్తి పని ఎప్పుడో ముగిసింది. కాంటా మీద ఒక కోడి గుడ్డు పెట్టే ఏర్పాట్లలో ఉంది. పోశాలు దాన్ని అదిలించి, వీపు సంచిని ఎక్కించి, కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"పద్దెనిమిది కిలోలు. గోరంత ఎక్కువ లేదు. గింత సంచేసుకొని యాడికి టీచరమ్మా?"

"కెనడా ఉత్తరం కొసకు పోశాలన్నా. చిన్న విమానం ఏటి గడ్డన దించి పోతది. పన్నెండు రోజులు నడవాలె."

"గక్కడ ఏముంది?"

"ఏం లేదు. ఊరు లేదు, రోడ్డు లేదు."

"ఏం లేంది చూసెటందుకు గంత దూరమా? నా గోదాము ఖాళీగనే ఉంది, చూసిపో."

ఆ ఆలోచన ఆమెది కాదు, భర్త శ్యాంది. జనగామ డిపోలో ఇరవై రెండేళ్లు కండక్టరు. బస్టాపు అనేదే లేని చోట ఒక్కసారైనా నడవాలని ఆయన కోరిక. వెతికి వెతికి ఆ యాత్ర పట్టుకున్నాడు. ఇద్దరి పేర్లూ రాయించాడు. కార్తీకంలో ఒక పొద్దున డ్యూటీకి తయారవుతూ బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. మళ్లీ లేవలేదు. యాత్ర వాళ్లకు ఆమె ఉత్తరం రాసి ఒక పేరు తీయించింది. రెండోది ఉండనిచ్చింది.

వాళ్లు మూడుసార్లు చెప్పిన మాట ఒకటే. సంచి పద్దెనిమిది కిలోలు దాటకూడదు. విమానం ఎక్కేముందు మళ్లీ తూస్తారు. ఎక్కువైతే బరువైనదాన్ని అక్కడే దించేస్తారు. సంచిలో అన్నిటికన్నా బరువైనది తిండి డబ్బా.

"పద్దెనిమిదా?" అంది రుక్కి. బడిలో మధ్యాహ్నం వంట చేసే మనిషి, పక్క తండా ఆమె. సంచి మోసుకొచ్చింది కూడా ఆమే. ఇప్పుడు దాన్ని ఒంటిచేత్తో కాంటా మీంచి లేపి దించింది. "ఇరవై ఉంటది. సేటూ, గీ కాంటా నీ ఇంటల్లుడా? నువ్వెట్ల చెప్తే గట్ల ఇంటున్నది."

"నోరు జర అదుపుల పెట్టుకో రుక్కీ. కాంటా అబద్దమాడుతదా?"

"ఇంటికాడ నలభై ఉన్న పత్తి బోరెం నీ కాడికొచ్చేసరికి ముప్పై ఆరైతది. తొవ్వల పత్తేమన్న ఉపాసముంటదా?"

సుమలత గొంతు పెంచలేదు. "పోశాలన్నా, తూకం తప్పితే గక్కడ నా తిండి దించేస్తరు. నిజం చెప్పు."

పోశాలు బిడ్డలిద్దరూ ఆమె దగ్గరే చదివారు. ఇంటిపని చేయని రోజు ఆమె ఎలా చూస్తుందో వాళ్లు ఆయనకు చాలాసార్లు చెప్పారు. ఆయన కోడి దిక్కు చూశాడు. కోడి సాయం రాలేదు.

"జర మొగ్గుతది."

"ఎంత?"

"పదికి ఒకటి."

"ఇన్నవా టీచరమ్మా? నువ్వే సాక్షి. పత్తి ఏరినంక నిన్ను గూడ తోలుకొస్త" అంటూ రుక్కి సంచి విప్పింది.

ఏటా మిరపకాయలు ఏరడానికి ఖమ్మం దిక్కు పోయేటప్పుడు రుక్కి రెండు నెలల సంసారాన్ని ఒక్క మూటలో కట్టి నెత్తిన పెట్టుకుంటుంది. ఆమె చేతికి ఈ సంచి ఒక లెక్క కాదు.

"పన్నెండు రోజులకు మూడు సబ్బులా? ఎలుగుబంటికి గూడ తానం పోస్తవా?" సబ్బులు బయటపడ్డాయి. గొడుగు, హవాయి చెప్పులు, లావుపాటి పుస్తకం వాటి వెంట నడిచాయి. తొక్కు సీసాను మాత్రం వాసన చూసి, గౌరవంగా మళ్లీ లోపల పెట్టింది.

"గీ బ్యాటరీ ఏంది? గక్కడ పొద్దే గుంకదని సెలవులకు ముందు పిల్లలకు చెప్పుకుంట బోర్డు మీద గీస్తివి కదా!"

పద్దెనిమిదేళ్లుగా ఆ పాఠం చెబుతున్న సుమలత టార్చిలైటు అందుకుని పక్కన పెట్టింది. పోశాలు మీసాల్లో నవ్వుకున్నాడు.

అడుగున చేయి పెట్టి రుక్కి ఆగింది. రెండు స్టీలు పళ్లేలు. రెండు చెంచాలు. రెండు గిలాసలు.

"నేను చూసుకోలే" అంది సుమలత. "చేతికి అలవాటు."

కోడి మెల్లగా మళ్లీ కాంటా ఎక్కింది. ఈసారి పోశాలు అదిలించలేదు.

రుక్కి ఒక పళ్లెం, ఒక చెంచా పక్కన పెట్టి, సంచి లేపి చూసింది. "ఇంక జర ఉంది. ఒక గిలాస తియ్యాలె."

సుమలత గిలాసలు రెండూ చేతిలోకి తీసుకుంది. పెళ్లయిన కొత్తలో అంగట్లో పేర్లు కొట్టించినవి. చుక్కలు చుక్కలుగా ఒకదాని మీద సుమలత, ఇంకొకదాని మీద శ్యాం. తన పేరున్నదాన్ని రుక్కికి ఇచ్చింది.

"గిది నువ్వు ఉంచుకో. వచ్చినంక నీ ఇంటికొచ్చి చాయ్ తాగుత."

రుక్కి రెండో గిలాసలో మేజోళ్లు కుక్కి, సంచి మధ్యలో, గుద్దులు తగలని చోట పెట్టింది. "ఖాళీగ పోతె జాగ దండుగ" అని గొణిగింది.

పోశాలు కోడిని రెండు చేతులతో ఎత్తి కింద దించి, సంచి తూచాడు. "పదహారు మీద రెండు వందల గ్రాములు. అంటే..." గొంతు సవరించుకున్నాడు. "అసలు లెక్క పద్దెనిమిది."

"చూసినవా, అసలు లెక్క గూడ వస్తది సేటుకు!" అంది రుక్కి.

సుమలత సంచి వీపుకెత్తుకుని రోడ్డెక్కింది. జనగామ బస్సు ఆమెను చూసి దానంతటదే నెమ్మదించింది. కండక్టరు కిటికీలోంచి తల బయట పెట్టాడు. శ్యాంతో పనిచేసినవాడే. "వదినా, గంత బరువేంది? ఎక్కు, ఇంటికాడ దించుత."

"లే తమ్మీ, నడుస్త."

ఆయనకు అర్థం కాలేదు. బస్సు కదల్లేదు. వెనకనుంచి రుక్కి వచ్చి, గిలాసతో బస్సు రేకు మీద రెండు దెబ్బలు వేసింది.

"రైట్, రైట్! మా టీచరమ్మకు స్టాపు లేదు."