ఐదో ఇంటి దగ్గర దిగిపోయాను

ఆ ఇంట్లో "బాగుంది" అన్న మాట చెల్లదు. అది కండక్టరమ్మ పెట్టిన నియమం.

ఇరవై ఆరేళ్లు ఆమె బస్సులో టికెట్లు కొట్టింది. టికెట్ మిషన్‌లో కాగితపు చుట్ట అయిపోవచ్చేసరికి అంచున ఎర్రగీత కనిపిస్తుంది. చుట్ట మార్చమని గుర్తు. మిగిలిన ఆ జానెడు కాగితాన్ని మిగతా కండక్టర్లు కిటికీలోంచి విసిరేస్తే, ఆమె మడిచి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేది. ఇంట్లో ఎవరు పుస్తకం చదివినా, సినిమా చూసినా, ఫోనులో ఆట ఆడినా ఆ ఎర్రగీత కాగితం మీద అభిప్రాయం రాసి బిస్కెట్ల రేకుడబ్బాలో వెయ్యాల్సిందే. పూర్తి చేస్తే "చివరి స్టాపు". మధ్యలో వదిలేస్తే "దిగిపోయాను". ఎక్కడ దిగారో, ఎందుకు దిగారో కూడా రాయాలి. "బాగుంది" అని రాస్తే ఆమె నిలబడ్డచోటే చింపేసేది.

"ఇందులో పట్టనిది అభిప్రాయం కాదు మాస్టారూ, ఉపన్యాసం," అనేది భర్తతో.

ఆమె చీటీలు అలాగే ఉండేవి. "నూట పన్నెండో పేజీలో దిగిపోయాను. నలభై పేజీలుగా ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది, అన్నం తిన్న పాపాన పోలేదు." "ఇంటర్వెల్లో దిగిపోయాను. విలన్‌కి ఉన్నంత పని హీరోకి లేదు." "చివరి స్టాపు. వంటమనిషి పెళ్లికొడుకుని కడిగేసే పేజీ కోసం మళ్లీ ఎక్కుతాను." తొమ్మిదేళ్లప్పుడు కూతురు రాసింది ఒకటుంది: "కారు ఆట. దిగిపోయాను. ఎంత తోలినా ఊరు రాదు." ఆ చీటీని కండక్టరమ్మ డిపోకి తీసుకెళ్లి అందరికీ చూపించుకుని వచ్చింది.

మాస్టారివి మాత్రం అన్నీ చివరి స్టాపులే. ఆయన బడిలో లెక్కలు చెబుతాడు. మొదలుపెట్టింది మధ్యలో విడిచిపెట్టడం ఆయన వల్ల కాదు. ఎంత చప్పటి పుస్తకమైనా అట్ట నుంచి అట్ట దాకా చదివి, ఏదో ఒక మంచి మాట వెతికి రాసేవాడు.

కండక్టరమ్మ పోయి ఎనిమిది నెలలైంది. డబ్బా మూత ఎవరూ తీయలేదు.

ఆదివారం పొద్దున కూతురే తీసింది. రాయని కాగితాలు పన్నెండు మిగిలాయి. వాటిలోంచి ఒకటి తీసి, తన ఫోనుతో పాటు తండ్రి ముందు పెట్టింది.

"నాన్నా, మా ఆట రేపు సాయంత్రం విడుదలకి పంపించెయ్యాలి. తర్వాత ఒక్క అక్షరం మార్చడానికుండదు. నువ్వాడి టికెట్ రాసివ్వాలి."

"నాకేం తెలుసమ్మా ఆటల గురించి?"

"తెలిసినవాళ్లందరినీ అడిగాను. బ్రహ్మాండం అంటున్నారు. అమ్మ పోయినప్పట్నుంచి నేనేం చేసినా బ్రహ్మాండమే నాన్నా. నిన్న టీలో ఉప్పేశాను, అదీ బాగుందన్నారు. నిజం చెప్పేవాళ్లు ఒక్కరైనా కావాలి నాకు."

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. మూడేళ్లుగా ఆ పిల్ల, మరో ఇద్దరు, దర్జీ కొట్టు మీది గదుల్లో కూర్చుని ఆ ఆట తయారుచేస్తున్నారని ఆయనకు తెలుసు. స్టాఫ్ రూములో ఆ మాట చెబితే డ్రిల్లు మాస్టారు, "ఆటా? బంతి లేకుండానా? చెమట పట్టకుండానా?" అని అందరినీ నవ్వించాడు. మాస్టారు కూడా నవ్వి ఊరుకున్నాడు. ఊరుకున్నందుకు ఇంటికొచ్చేదాకా తనని తానే తిట్టుకున్నాడు.

ఆటలో ఒక వీధి. చేతిలో ఒక సంచి. సంచి నిండా జనం బస్సులో మర్చిపోయిన వస్తువులు. ఒంటి చెప్పు, టిఫిన్ డబ్బా, లెక్కల పుస్తకం, గొడుగు. ఏది ఎవరిదో కనిపెట్టి తలుపు కొట్టి ఇవ్వాలి. భోజనాల దగ్గర కండక్టరమ్మ చెప్పే కబుర్లన్నీ ఇవేనని ఆయనకు మొదటి ఇంటి దగ్గరే అర్థమైంది. చెప్పు ఇచ్చాడు. డబ్బా ఇచ్చాడు. మూడో ఇంటి ఇల్లాలు డబ్బా మూత తీసి వాసన చూసి ముక్కు మూసుకుంటే గట్టిగా నవ్వేశాడు. వంటింట్లోంచి కూతురు తొంగిచూసింది.

ఐదో ఇల్లు ఒక ముసలాయనది. గొడుగు ఆయన భార్యది. ఆమె లేదు. తలుపు తెరిచి గొడుగు చూడగానే ఆయన బావురుమన్నాడు. వయొలిన్ మోగింది. గొడుగు గుండెలకు హత్తుకున్నాడు.

మాస్టారు ఫోను బోర్లా పెట్టాడు. తర్వాత కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక్క మాట రాసి కూతురికిచ్చాడు.

బాగుంది.

ఆమె చదివి, చింపలేదు. మళ్లీ బల్లమీద పెట్టింది.

"ఇది టికెట్ కాదు నాన్నా, శుభలేఖ. అమ్మయితే నిన్ను నడిరోడ్డు మీద దింపేసేది."

చెప్పులేసుకుని ఆఫీసుకు వెళ్లిపోయింది.

ఆయన కుర్చీలోనే ఉండిపోయాడు. కూతురు అడిగింది ఒక్కటే, నిజం. దాన్ని రాయాలంటే తన సంగతి రాయాలి. కండక్టరమ్మ కార్యక్రమాలన్నీ అయిపోయిన వారానికి డిపో నుంచి కంట్రోలరు వచ్చాడు. ఆమె లాకర్లో వస్తువులు తెచ్చిచ్చాడు. విజిలు, నీళ్ల సీసా, పిడికి నీలం టేపు చుట్టిన గొడుగు. ఆ టేపు చుట్టింది మాస్టారే. అయినా గొడుగు చూసి, "ఇది మాది కాదండీ," అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. కంట్రోలరు గొడుగును గుమ్మం పక్కన గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

మాస్టారు డబ్బాలోంచి ఇంకో కాగితం తీశాడు. ఈసారి అక్షరాలు కుదురుగా రాలేదు.

దర్జీ కొట్టు పక్కన మెట్లెక్కుతుంటే కింద కుట్టుమిషన్ల చప్పుడు కాళ్లకు తగులుతూ వచ్చింది. పైన మూడు బల్లలు. బొమ్మలు వేసే అమ్మాయి లేచి కుర్చీ వేసింది. సంగీతం చేసే పొడుగాయన నమస్కారం పెట్టాడు. కూతురు కాగితం అందుకుని పైకి చదివింది.

"ఐదో ఇంటి దగ్గర దిగిపోయాను. గొడుగు చూడగానే మనిషి ఏడవడు. ముందు నాది కాదంటాడు."



"ఆ ఏడుపు కోసం వారం రోజులు వయొలిన్ వాయించానండీ," అన్నాడు పొడుగాయన, దిగులుగా.

"వినసొంపుగానే ఉంది బాబూ," అన్నాడు మాస్టారు. "ఏడుపుకి అంత సొంపు ఉండదు."

బొమ్మలమ్మాయి కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. కూతురు నవ్వలేదు. కాగితం చూస్తూ అడిగింది.

"నాది కాదన్నాక ఏం చేస్తాడు నాన్నా?"

 మాస్టారు కిటికీలోంచి వీధి చూశాడు. ఆమె రెట్టించలేదు. మిగతా ఇద్దరివైపు తిరిగింది.

"ఏడుపు తీసేద్దాం. వయొలిన్ మొత్తం తీసెయ్యి. నువ్వు తలుపు మూసుకునే బొమ్మ వెయ్యి, మొహం కనపడక్కర్లేదు. రేపు సాయంత్రానికి అయిపోవాలి. రైట్, రైట్!"

ఆఖరి రెండు మాటలకి మాస్టారు ఉలిక్కిపడి చూశాడు. బస్సు కదిలించే గొంతు అది. తను చూడని మూడేళ్లలో ఈ పిల్ల ఇంత మనిషి ఎప్పుడయిందో. ఆ ఇద్దరూ నోరెత్తకుండా పనిలో పడ్డారు. మాస్టారు దిగి వస్తూ దర్జీతో, అడక్కపోయినా, "పైన ఉన్నది మా అమ్మాయే," అన్నాడు.

"తెలుసు మాస్టారూ. ఒకటే అరుస్తుంది," అన్నాడు దర్జీ.

"అరుస్తుంది," అని ఒప్పుకున్నాడు మాస్టారు, ఎవరో సన్మానం చేసినట్టు.

సోమవారం బడి నుంచి రాగానే, పంపించే ముందు ఆయన చేతే ఆడించింది. ఐదో ఇంటి తలుపు తెరుచుకుంది. ముసలాయన గొడుగు వంక చూశాడు. "ఇది నాది కాదు," అని తలుపు వేసుకున్నాడు. సంగీతం లేదు. సంచిలో గొడుగు అలాగే ఉంది. మాస్టారికి ఏం చెయ్యాలో కాసేపు తోచలేదు. చివరికి గొడుగును తలుపు పక్కన గోడకు ఆనించాడు. ఆట ఒప్పుకుంది. ఆరో ఇంటికి, ఏడో ఇంటికి వెళ్లాడు. సంచి ఖాళీ అయ్యాక వెనక్కి అదే వీధిలో నడిచి రావాలి. ఐదో ఇంటి ముందుకొచ్చేసరికి గోడ దగ్గర గొడుగు లేదు. అది ఆనిన చోట చిన్న తడి మరక మాత్రం ఉంది.

ఆయన తల ఎత్తాడు. ఆ రోజు కంట్రోలరు వెళ్లాక, ఇల్లు సద్దుమణిగాక, తను గొడుగు లోపలికి తెచ్చి తలుపు వెనక పెట్టుకోవడం ఎవరూ చూడలేదనే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"చూశావా నువ్వు?"

"చూశాను నాన్నా."

ఆయన మూడో కాగితం తీసుకుని, తొందరపడకుండా రాశాడు. "చివరి స్టాపు. గొడుగు ఎప్పుడు లోపలికి పోయిందో ఆట చూపించదు. చూపించకపోవడం ఈ పిల్లకి తెలిసిన విద్య. వాళ్లమ్మకి రాలేదు, నాకూ రాలేదు."

ఆమె రెండుసార్లు చదివింది. "కొంచెం ఉపన్యాసంలా ఉంది," అంది. కాగితం డబ్బాలో వేసి, మూత పెట్టి, ఆట పంపించేసింది.

నెల తర్వాత ఆట అందరి ఫోన్లలోకీ వచ్చింది. స్టాఫ్ రూములో డ్రిల్లు మాస్టారు, "ఏమండీ, మీ అమ్మాయి ఆట ఎలా ఉందంటారు?" అని కేకేశాడు. మాస్టారు జేబులోంచి ఎర్రగీత ఉన్న కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు. డబ్బాలో ఇక ఎనిమిదే ఉన్నాయి.

"ఆడి, మీరే ఇందులో రాసివ్వండి," అన్నాడు. "నచ్చకపోతే ఎక్కడ దిగారో రాయండి, మా అమ్మాయేం అనుకోదు. 'బాగుంది' అని మాత్రం రాయకండి. మా ఇంట్లో చెల్లదు."