ఏజెంటు బీరువాలో నలభై రోజులు

నేను ఒక రాతప్రతిని. నాలుగు లాంగ్‌సైజు నోటుపుస్తకాలను నల్లదారంతో కలిపి కుట్టిన కట్టను. నన్ను రాసిన బోనెల నీలవేణి పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లు పిక్కలు కొట్టింది. జీడిసొనకు ఆమె వేళ్లు నల్లబడిపోయాయి. ఆ నలుపు నా పేజీల అంచులకూ కాస్త అంటింది.

నాలో ఉన్నది నవల అనే ఆమె చెబుతుంది. పేర్లు మార్చింది. అయితే పన్నెండో అధ్యాయంలో ఉన్నది మాత్రం జరిగినదే. సూపర్‌వైజరు వెంటపడి వేధిస్తుంటే బతకలేకపోయిన ఇరవయ్యేళ్ల పిల్లను ఆరుగురు ఆడవాళ్లు గోనెసంచుల లారీలో దాచి ఊరు దాటించారు. ఆ ఆరుగురిలో నీలవేణి ఒకతె. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడో ఇంకో పేరుతో కాపురం చేసుకుంటోంది. సూపర్‌వైజరు ఊళ్లో పెద్దమనిషి అయ్యాడు. ఇప్పటికీ ఆ పిల్ల ఆచూకీ అడుగుతూనే ఉంటాడని ఫ్యాక్టరీలో చెప్పుకుంటారు. అందుకే నీలవేణి నన్ను ఎవరికీ చూపించలేదు. అలాంటప్పుడు రాయడం ఎందుకని నేను అనుకునేదాన్ని. మనుషులు దాచుకోవలసిన దాన్నే శ్రద్ధగా రాసిపెడతారు.

చివరికి చూపించింది ఒక్క శశిరేఖకే. ఆవిడ ఊళ్లోని జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. నన్ను రెండు రోజుల్లో చదివి, ఇది ఇంగ్లీషులోకి వెళ్లాలని పట్టుబట్టింది. మూడు అధ్యాయాలు తనే అనువదించింది. పెద్ద ప్రచురణకర్తలు చాలామంది రచయిత నేరుగా పంపితే చూడరనీ, మన తరఫున పుస్తకాన్ని పట్టుకెళ్లి మాట్లాడేందుకు లిటరరీ ఏజెంటు ఉండాలనీ చెప్పింది.

ఆ మాట వినగానే నీలవేణి నన్ను ఒళ్లోకి లాక్కుంది. "ఏజెంటొద్దు మేడమ్. మా తమ్ముణ్ని ఓడ పనికని అట్టుకెళ్లినోడు కూడా ఏజెంటే. రెండేళ్లు ఏడున్నాడో తెలీనేదు."

శశిరేఖ నెమ్మదిగా నచ్చజెప్పింది. అయిదుగురికి ఉత్తరాలు రాసింది. అందరికన్నా ముందు జవాబిచ్చింది హైదరాబాదులోని నరహరిప్రసాద్. ఆకాశానికెత్తేశాడు. చేతిరాత ప్రతి పంపమన్నాడు, దాన్ని చూస్తే ప్రచురణకర్తలకు గురి కుదురుతుందట. ముందు జిరాక్సు తీయిద్దామంది శశిరేఖ. షాపువాడు చదివేస్తాడని నీలవేణి ఒప్పుకోలేదు. ఊళ్లోవాడికి భయపడి, ముఖం కూడా చూడని మనిషికి నన్ను కొరియర్లో అప్పజెప్పింది.

నన్ను ఒక ఇనప బీరువాలో పెట్టారు. అక్కడ నాకు ముందే చాలా కట్టలున్నాయి. అట్టలు వంకర్లు పోయినవి, చెదపురుగు రుచి చూసినవి. ఒకదాని మీద ఏడేళ్ల కిందటి తేదీ ఉంది. దాన్ని రాసిన మనిషి ఇంకా ఎదురుచూస్తున్నాడో, విసిగిపోయాడో. తలుపు మూసినప్పుడల్లా నా మీద చీకటి పడేది. నా మీది తేదీ కూడా ఇలాగే పాతబడుతుందని వణికేదాన్ని.

తలుపు తెరిచినప్పుడు ఇంకా భయం వేసింది. నరహరిప్రసాద్ పన్నెండో అధ్యాయం తీసి, లారీ ఆగిన ఊరి గుర్తుల కింద ఎర్ర పెన్సిలుతో గీతలు గీశాడు. ఫోనులో ఎవరితోనో అన్నాడు, "కల్పన అంటే ఎవరు కొంటారండీ? నిజకథ అని వేద్దాం. ఆ అమ్మాయిని పట్టుకుంటే చాలు, ఆ అమ్మాయినీ రచయిత్రినీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీస్తాం." ఆ గొంతులో దుర్మార్గం ఏమీ లేదు. మంచి ఆలోచన వచ్చిన మనిషి సంతోషమే ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అదే మాట నీలవేణికీ ఫోను చేసి చెప్పాడు, ఒప్పందం కాగితాలు పంపాడు. శశిరేఖ చదివి చెప్పిందట. ఈ పుస్తకమే కాదు, ఇకమీద ఆమె ఏది రాసినా అతని చేతుల్లోనే ఉంటుంది. విడిపోవడానికి దారి ఎక్కడా రాయలేదు. నీలవేణి దగ్గర చూస్తే నా కాపీ ఇంకోటి లేదు.

నలభయ్యో రోజున బీరువా తెరుచుకుంటే ఎదురుగా నీలవేణి. ఒక్కతే రైలెక్కి వచ్చింది. చీర చెంగు గుప్పిట్లో నలిగిపోయి ఉంది. నరహరిప్రసాద్ కాఫీ తెప్పించాడు. సంతకం పెట్టకపోతే ఈ పుస్తకం ఇంగ్లీషు ముఖం ఎప్పటికీ చూడదన్నాడు. మీలాంటివాళ్లను చూసేవాళ్లు ఇంకెవరున్నారన్నాడు.

"నాకు పుస్తకం ఇచ్చియ్యండి బాబూ," అంది ఆమె.

అతను ఇంకో అరగంట మాట్లాడాడు. ఆమె మళ్లీ అదే మాట అంది. కాఫీ ముట్టుకోలేదు, కుర్చీలోంచి లేవలేదు. ఈలోగా ఇద్దరు కొత్త రచయితలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ల ముందు రచయిత్రితో పేచీ ఏం బాగుంటుందని కాబోలు, నన్ను తీసి బల్లమీద పెట్టాడు.

తిరుగు రైల్లో ఎర్రగీతలున్న నాలుగు పేజీలూ ఆమె చూసింది. చింపింది. దారం తెగకుండా, ఒక్కొక్క కాగితాన్నీ వేలితో ఒత్తిపట్టి మెల్లగా లాగింది. నన్ను రాసిన చేతులకు నేను భయపడటం అదే మొదలు. ఇంటికొచ్చి ఆ కాగితాలను పొయ్యిలో వేసి, బూడిదయ్యేదాకా కూర్చుంది. ఆ తర్వాత ఊరు మార్చి, దారి మార్చి, ఆ నాలుగు పేజీలూ తిరగరాసింది. కానీ అతను కాపీ తీసుకున్నాడో లేదో ఎవరికి తెలుసు? ఆ ప్రశ్న ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

మూడు నెలలు ఏజెంటన్న మాటే ఇంట్లో వినపడలేదు. ఒకరోజు శశిరేఖ ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అవతల బెంగళూరు నుంచి వహీదా, శశిరేఖ ఉత్తరాలు రాసిన అయిదుగురు ఏజెంట్లలో ఆలస్యంగా జవాబిచ్చిన మనిషి. సొంతూరు కర్నూలు. ఆవిడ పొగడలేదు.

"ఈ పుస్తకంలో ఏది మార్చకూడదో, ఏది బయటపడకూడదో ముందు చెప్పక్కా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

నిన్ను ఎలా నమ్మేది అని నీలవేణి సూటిగానే అడిగేసింది. నమ్మొద్దంది వహీదా. తనతో పనిచేస్తున్నవాళ్ల పేర్లు రెండు ఇచ్చి, తనను వదిలి వెళ్లిపోయిన ఒకావిడ నంబరు కూడా ఇచ్చింది. ముందు ఆవిడతోనే మాట్లాడమంది.

నీలవేణి మాట్లాడింది. ఆవిడ గొంతులో కోపం ఇంకా తగ్గలేదు. వహీదా మహా నిదానమనీ, ఒక్కో ఉత్తరానికి నెల పట్టిస్తుందనీ తిట్టిపోసింది. మరి మీ పుస్తకం ఏమైందని నీలవేణి భయంభయంగా అడిగింది.

"అడిగిన వారంలో తిరిగి పంపేసింది. అందులో సంగతి బయట ఒక్కరికి తెలీదు. ఆ విషయంలో అబద్ధం చెప్పలేను."

పొగడ్తలు విని ఒకసారి మోసపోయిన మనిషికి ఆ తిట్లు ధైర్యమిచ్చాయి. వహీదా ఒప్పందాన్ని ఫోనులోనే తెలుగు చేసి, ఒక్కొక్క వాక్యం వినిపించింది. ఇష్టం లేకపోతే నెల ముందు చెప్పి ఎవరైనా విడిపోవచ్చన్న వాక్యాన్ని నీలవేణి రెండుసార్లు చదివించుకుంది. సంతకం పెడుతుంటే అక్షరాలు వంకరపోయాయి. అయినా పూర్తిపేరు రాసింది.

ఏడుగురు ప్రచురణకర్తలు వద్దన్నారు. ఒక్కో తిరస్కారం వచ్చినప్పుడల్లా తప్పు చేశానేమో అనుకుని నీలవేణి అన్నం సయించక కూర్చునేది. ఎనిమిదో చోట కుదిరింది. వహీదా నిజంగానే నిదానం. పుస్తకం రావడానికి రెండేళ్లు పట్టింది. అట్టమీద నవల అనే వేశారు.

నేనిప్పుడు శశిరేఖ బీరువాలో ఉన్నాను. తాళంచెవి నీలవేణి దగ్గర ఉంటుంది. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఆమె ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది, ఎత్తదు. పత్రికలవాళ్లు పుస్తకంలో అచ్చయిన నంబరుకే చేస్తారు. అది వహీదాది.

మొన్న ఒక విలేకరి, లారీలో వెళ్లిపోయిన ఆ అమ్మాయి అసలు ఎక్కడుందని ఆవిడను గుచ్చిగుచ్చి అడిగాడట. ఆ సంగతి శశిరేఖ చెబుతుంటే నీలవేణి ముఖం పాలిపోయింది.

"ఏటందట?"

"ఆ అమ్మాయి నవల్లోదే, నూట నలభై మూడో పేజీలో ఉంది, వెళ్లి చూసుకోండి అందట."

నీలవేణి గుమ్మం మీద కూలబడి, నల్లటి వేళ్లతో ముఖం కప్పుకుని, ఆ జవాబును ఇంకోసారి చెప్పించుకుంది.