థాంక్స్ మేడమ్

"చివర్లో థాంక్స్ చెప్పడానికేగా, సాయంత్రం వెళ్తే సరిపోదా?" అన్నారు మా ఆయన, నేను పాప టిఫిన్ బాక్సు మూత బిగిస్తుంటే. ఆ మూత ఒక పట్టాన పట్టదు. ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తుంది. ఈసారి సెమినార్‌లో నేను రాసిన పేపర్ కూడా చదువుతున్నానని చెప్పాను, దానితో కుస్తీ పడుతూనే. ఇంతకు ముందూ చెప్పాను. "అవునవును, అన్నావు" అని ఆయన ఫోనులోకి వెళ్లిపోయారు. అవతల గదిలో అత్తయ్య ఎవరితోనో, "కాలేజీలో ఏ ఫంక్షనైనా సరే, పెళ్లి తనదే అన్నట్టు తిరుగుతుంది మా కోడలు" అంటున్నారు. ఆ గొంతులో ఎగతాళి లేదు. కాస్త గర్వం కూడా ఉందేమో. అక్కడే నాకు ఎటూ పాలుపోదు. తిట్టినా బాగుండును, తిరిగి ఏదో ఒకటి అనొచ్చు.

నేను యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మా పుట్టింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. అందుకేనేమో, ఎవరే పని చెప్పినా కాదనడం నాకు చేతకాలేదు. ఉద్యోగంలో చేరిన ఏడాదే మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారు పిలిచి, "సభ చివర వందన సమర్పణ మీరు చేయండి మేడమ్. మీరైతే ఎవర్నీ మర్చిపోరు. మీకప్పగిస్తే నాకు నిశ్చింత" అన్నారు. ఆ రోజు గాలిలో తేలుతూ ఇంటికి వెళ్లాను. అప్పట్నుంచి ఏ సభ జరిగినా చివరి మైకు నాదే. ఎవరి పేరు ముందు చెప్పాలి, ఎవరిది వెనక చెప్పాలి, ఎవర్ని ప్రొఫెసర్ అనకపోతే మొహం మాడ్చుకుంటారు, అన్నీ నాకు కంఠతా వచ్చు. పిల్లలు నాకు థాంక్స్ మేడమ్ అని పేరు పెట్టుకున్నారు. ఒక పిల్ల నా ఎదురుగానే ఫోనులో, "థాంక్స్ మేడమ్ రూములో ఉన్నానే" అనేసి నాలుక కరుచుకుంది. నవ్వేశాను. థాంక్స్‌తో పాటు బొకేలు తెప్పించడం, భోజనాలు చూడటం, సర్టిఫికెట్ల బీరువా తాళంచెవి కూడా నా నెత్తినే పడ్డాయి. సభకి వచ్చినవాళ్లకిచ్చే ఆ సర్టిఫికెట్లు ముందే ఇచ్చేస్తే జనం జారుకుంటారు కాబట్టి వందన సమర్పణ అయ్యేదాకా బీరువా తియ్యొద్దని హెడ్ గారి ఆజ్ఞ.

ఇక నా పేపర్. అది మా అమ్మ దగ్గర మొదలైంది. అమ్మ చదువుకోలేదు. ఎం.ఏ. పరీక్షలకి చదువుతూ నవలల కథలు ఆవిడకి తెలుగులో చెప్పేదాన్ని, ఆవిడ బట్టలు మడతపెడుతుంటే. ఒక నవలలో పెద్ద గది, పెద్దమనుషులు, ఆస్తి గొడవ. మాటల మధ్యలో టీ వచ్చింది అని చెప్పాను. "ఎవరు తెచ్చారు?" అంది అమ్మ. పేజీలు వెనక్కి తిప్పి చూశాను. తలుపు తెరుచుకుంది, టీ వచ్చింది, అంతే. తెచ్చిన మనిషికి పేరూ లేదు, మాటా లేదు. "పోన్లే, ఆ పిల్ల తాగిందో లేదో" అని అమ్మ దుప్పటి అంచు నా చేతికిచ్చింది. అప్పటికి నవ్వుకున్నాం గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఏ పుస్తకం తెరిచినా కథ వదిలేసి తలుపుల వైపు చూడటం అలవాటైంది. ఇన్నేళ్లూ, వంటకీ క్లాసుకీ మధ్య దొరికిన సందుల్లో, ఆ తలుపుల్లోంచి వచ్చి పోయిన మనుషుల గురించే రాసుకుంటూ వచ్చాను. మా ఆయనకి చదివి వినిపిస్తానంటే "ఆదివారం తీరిగ్గా వింటాను" అన్నారు. ఆదివారాలు చాలానే వచ్చాయి. ఈరోజు చదివితే, నేను చేసిన పని ఇదీ అని మొదటిసారి నలుగురి ముందు పెట్టినదాన్నవుతాను.

సెమినార్‌లో పొద్దున ముఖ్య అతిథి ప్రసంగం ఎంతకీ ఆగలేదు. తర్వాత ప్రశ్నలు, ఫోటోలు. భోజనాలు ఆలస్యమయ్యాయి. మధ్యాహ్నం మాట్లాడేవాళ్లలో నాది చివరి వంతు. నాకు ఒక చోట కాలు నిలవలేదు. మైకు తీగ చూసొచ్చాను. టీ ఫ్లాస్కులు వచ్చాయో లేదో చూసొచ్చాను. పేజీల వరస సరిచూసుకుని మళ్లీ లేచాను. అంతలో మా ఆయన ఫోను. పాప లెక్కల పుస్తకం ఎక్కడ పెట్టావని. పెట్టింది నేను కాదు, అయినా ఎక్కడుందో నాకే తెలుసు. సోఫా కింద చూడమన్నాను. నా ముందు మాట్లాడుతున్న లెక్చరర్, పక్క కాలేజీ నుంచి వచ్చినాయన, "ఇక ముగిస్తాను" అంటూనే కొత్త పేజీ తిప్పుతున్నాడు. ఎవరూ ఆపలేదు. ఎట్టకేలకు ఆయన దిగాడు. నేను కాగితాలు పట్టుకుని లేచేసరికి హెడ్ గారు గబగబా వచ్చి, చెవి దగ్గరికి వంగారు.

"మేడమ్, టైమ్ లేదు. అతిథి గారికి రైలుంది. మీ పేపర్ ఎలాగూ సెమినార్ పుస్తకంలో వేస్తాం. డైరెక్టుగా థాంక్స్‌కి వెళ్లిపోండి."

"పదిహేను నిమిషాలే సార్."

"బయటివాళ్లని ఆపితే బాగోదు కదా. మీరు మనవాళ్లే, సర్దుకుంటారు."

మనవాళ్లు. ఆ మాట వినపడితే చాలు, నా తల దానంతటదే ఊగుతుంది. ఇప్పుడూ ఊగింది. ఇంట్లోనూ ఇంతే. ఆడపడుచు వాళ్లు వస్తే ఖాళీ చేసేది నా గదే, నేను మనమ్మాయినే కదా. కూర చాలకపోతే ఆగేది నేనే, మనమ్మాయే కదా. నన్ను దగ్గరికి లాక్కున్న ప్రతిసారీ నా చేతిలోంచి ఏదో ఒకటి తీసుకున్నారు. అదే పరాయిదాన్నైతే నాకూ టైమ్ దొరికేది. రైలున్న అతిథి గారు పొద్దుటి ఫోటోలు ఫోనులో వెనక్కీ ముందుకీ జరుపుతూ తీరిగ్గా చూసుకుంటున్నారు. నా ఒక చేతిలో పేపర్, ఇంకో చేతిలో థాంక్స్ చెప్పాల్సిన పేర్లు. వేదిక మెట్లెక్కుతున్నప్పుడు కూడా ఏం చేయబోతున్నానో నాకే తెలియదు. మైకు ముందు అలవాటు ప్రకారం గొంతు సవరించుకున్నాను. హాల్లో అందరూ సంచులు సర్దుకుంటున్నారు. సర్దుకుంటున్నారు గానీ, ఒక్కరూ లేవడం లేదు. ఎందుకు లేవరో నాకు తెలుసు. సర్టిఫికెట్లు ఇంకా ఇవ్వలేదు.

పేర్ల కాగితం మడిచి మైకు పక్కన పెట్టాను.

"ముందుగా," అన్నాను, "ఒక నవల మొదటి అధ్యాయంలో తలుపు తీసుకుని టీ తెచ్చిన అమ్మాయికి నా కృతజ్ఞతలు. ఆమె పేరు చెప్పలేను. రాసినవాళ్లు చెప్పలేదు."

సంచుల చప్పుడు తగ్గింది. వెనక వరసలో, అప్పుడు నాలుక కరుచుకున్న పిల్ల తలెత్తింది. పేపర్ మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాను. పేజీ తిప్పేసరికి ముందు వరసలో హెడ్ గారు లేచి నిలబడ్డారు. గడియారం మీద వేలితో తట్టి చూపిస్తూ, "మేడమ్, సర్టిఫికెట్లు" అన్నారు లోగొంతుతో.

నేను మైకులోనే జవాబిచ్చాను, రోజూ మాట్లాడే గొంతుతోనే.

"తాళంచెవి నా దగ్గరే ఉంది సార్. కూర్చోండి."