గౌరవ మందిరంలో సీతాలక్ష్మి పుస్తకం

అబ్దుల్ బాసిత్ ఫోన్ చేసేసరికి విజయభాస్కర్ కువైట్‌లోని అహ్మదిలో కంపెనీ బస్సు దిగుతున్నాడు. బాసిత్‌ది కడప. ఐస్ హాకీ ఆడే మంచు మైదానం, అదే రింక్, దాని ఆఫీసులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాడు.

"సార్, రింక్ పైన మేడ గదిలో హాల్ ఆఫ్ ఫేమ్ మాదిరి గౌరవ మందిరం పెడతాండారు గదా, గల్ఫ్ దేశాల్లో సరదాగా హాకీ ఆడేవాళ్ళకి. మొదటి జాబితాలో ఒకటి మీ ఇంటికే వచ్చింది సార్! వచ్చే శనివారం పొద్దున పదకొండుకు ఫంక్షన్. మేడంను తప్పకుండా పిల్చుకొని రాండి."

ఎవరికి వచ్చిందని అడగాలని విజయభాస్కర్‌కు తోచలేదు. ఆ ఇంట్లో హాకీ ఆడేది అతనొక్కడే.

విజయవాడలో పుట్టి నలభై రెండో ఏట దాకా మంచుగడ్డను షర్బత్ గ్లాసులో తప్ప చూడని ఇంజనీరు అతను. పన్నెండేళ్ళ కిందట ఆఫీసులో పెద్దాయన ఒకడు, కెనడావాడు, ఫింటాస్ ఫ్లెమింగోస్ అనే జట్టు పెట్టి గోల్‌కీపర్ కోసం వెతికాడు. విజయభాస్కర్ ఒడ్డూ పొడుగూ చూసి, "నువ్వు నిలబడితే చాలు, సగం గోలు మూసుకుపోతుంది" అన్నాడు. ఆ మాటను విజయభాస్కర్ పొగడ్తగా తీసుకున్నాడు. ఆ పెద్దాయన దేశం వెళ్ళిపోయినా ఇతను నిలబడుతూనే ఉన్నాడు. మిగిలిన సగంలోంచి నల్లటి రబ్బరు బిళ్ళ, అదే పక్, వెళ్ళిపోతూనే ఉంది.

సాయంత్రం ఫింటాస్‌లో ఇల్లు చేరేసరికి సీతాలక్ష్మి బాల్కనీలో అతని కాళ్ళకు కట్టుకునే మెత్తలను ఎండలోంచి తీస్తోంది. వాటి పక్కనే సగ్గుబియ్యం వడియాలు ఎండుతున్నాయి. ఆ మెత్తల చెమట కంపు వడియాలకు పట్టకుండా మధ్యలో ఒక పాత దుప్పటి కట్టింది.

"సీతా, నన్ను గౌరవ మందిరంలో పెడుతున్నారు."

"మిమ్మల్నా? ఎంతసేపు నిలబెడతారు?"

"వెక్కిరించకు. ఫొటో పెడతారు. పేరు చెక్కుతారు."

"అయితే మంచిదే కదండీ" అని ఆమె నిజంగానే సంతోషపడి, ఆ పూటకి పాయసం చేసింది.

మర్నాటి నుంచి విజయభాస్కర్ నేల మీద లేడు. సాల్మియాలో సూటు కుట్టడానికిచ్చాడు. ఆఫీసులో రోజుకొకరికి కబురు చెప్పి, చెప్పినవాళ్ళకే మళ్ళీ చెప్పాడు. ఉపన్యాసం రాసి, లిఫ్టు అద్దంలో చూసుకుంటూ అప్పజెప్పాడు. "ఓటమే నా గురువు" అనే వాక్యం దగ్గర చెయ్యి ఎక్కడ పెట్టాలో తేలక రెండు రోజులు ఇబ్బందిపడ్డాడు. కూతురు అమృత చదివి, "నాన్నా, ఇందులో అమ్మ పేరే లేదు" అంది. "చివర్లో చూద్దాంలే" అన్నాడు.

బుధవారం ఆహ్వానం ఫోన్‌లో వచ్చింది. అమృత గట్టిగా చదివింది: "శ్రీమతి సీతాలక్ష్మి, స్కోరర్. పదకొండు సంవత్సరాల సేవకు."

సీతాలక్ష్మికి నవ్వాలో నొచ్చుకోవాలో తెలియలేదు. జట్టు మొదలైన రెండో ఏడు, స్కోరు రాసే మనిషి రాలేదంటే ఊటీ కోసం కొన్న స్వెట్టరు వేసుకుని ఆ బల్ల దగ్గర కూర్చుంది. అప్పటినుంచీ మళ్ళీ లేవలేదు, అంతే.

"తప్పు అచ్చయి ఉంటుంది" అన్నాడు విజయభాస్కర్, బాసిత్‌కు ఫోన్ కలుపుతూ.

"తప్పేం లేదు సార్" అన్నాడు బాసిత్. "మీ ఇంటికే అని చెప్తి గదా! కువైట్‌లో పాత మ్యాచ్‌ల లెక్క ఇంకెవరి దగ్గరా లేదంట. మేడం స్కోరు పుస్తకాలు అద్దాల పెట్టెలో పెడతారు. ఒక పేజీ తెరిచి పెట్టాల. ఏదో మీరే చెప్పండి, రేపొచ్చి తీసుకుంటా."

విజయభాస్కర్ లెక్క వేసుకున్నాడు. ఫొటో పోతే పోయింది, సూటు ఎవరి పెళ్ళికైనా పనికొస్తుంది. కానీ పదకొండేళ్ళుగా తన మీదుగా పోయిన గోల్స్ అన్నీ అద్దాల పెట్టెలో ఉంటాయన్నమాట! వచ్చినవాళ్ళు వంగి మరీ చదువుతారన్నమాట!

"పేజీ నేను చూసి చెబుతాను" అని తొమ్మిది పుస్తకాలూ సోఫా మీద పరుచుకుని కూర్చున్నాడు. ఫ్లెమింగోస్ గెలిచిన పేజీ కోసం వెతికాడు. మూడు దొరికాయి. ఆ మూడింట్లోనూ అతను జ్వరంతో ఇంట్లో ఉన్నాడు, వేరేవాడెవడో గోల్‌లో నిలబడ్డాడు.

విసుగ్గా తిప్పుతుంటే పద్నాలుగు–రెండు మ్యాచ్ వచ్చింది. పద్నాలుగు అవతలివాళ్ళవి. ఆ రోజు తర్వాత అతను నెల్లాళ్ళు రింక్ వైపు వెళ్ళలేదు. ఆ పేజీ అంచున పెన్సిల్‌తో చిన్న చిన్న గీతలు, అయిదేసి చొప్పున కట్టలు కట్టి ఉన్నాయి.

"ఇవేంటి?"

సీతాలక్ష్మి వంటింట్లోంచి వచ్చి చూసింది. "మీరు ఆపినవండీ."

"ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదు. గోలయితే లైటు వెలుగుతుంది, సైరన్ కూస్తుంది, అందరికీ తెలుస్తుంది. మీరు ఆపితే ఏమీ అవదు. మరచిపోతానేమోనని గీసుకునేదాన్ని. అవతలి కీపర్లకీ గీశాను, చూడండి. మొగుడని మీకొక్కరికే గీయలేదు."

విజయభాస్కర్ లెక్కపెట్టాడు. నలభై మూడు. నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టాడు. నలభై మూడే. ఆ రోజు రాత్రి తిండి మానేసి పడుకున్న మనిషి నలభై మూడు ఆపాడన్నమాట.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అడిగారా? మ్యాచ్ అవగానే మంచు బాగాలేదు, స్కేట్లు బాగాలేవు అని ఇల్లు చేరేదాకా మీరే మాట్లాడతారు!"

అతనికి నవ్వొచ్చింది. కళ్ళు కూడా కొంచెం చెమర్చాయి గానీ, పెన్సిలు గీతలు చిన్నవి కదా, చూసి చూసి నీళ్ళొచ్చాయని చెప్పాడు. మర్నాడు బాసిత్ రాగానే ఆ పేజీలోనే కాగితం పెట్టి ఇచ్చాడు.

"ఇదా సార్? పద్నాలుగు పడినాయే దీంట్లో!" బాసిత్ నోరు వెళ్ళబెట్టాడు.

"అంచున చూడు. అచ్చంగా అదే పెట్టు."

శనివారం సీతాలక్ష్మి వేదికెక్కి, "నాకు ఆట పూర్తిగా తెలియదు. చూసింది రాశాను. చలికి రెండు సార్లు అంకెలు వంకరపోయాయి, ఏమీ అనుకోకండి" అని దిగిపోయింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. విజయభాస్కర్ కొత్త సూటులో అద్దాల పెట్టె పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకల్లా గీతలు చూపించాడు. ఆ పద్నాలుగు గోల్స్‌లో నాలుగు వేసిన కువైటీ పెద్దమనిషి వచ్చి, వంగి చూసి, అతని భుజం తట్టి, "నలభై మూడా! అందుకే ఆ రోజు నా చెయ్యి అంత నొప్పెట్టింది" అన్నాడు.

భోజనాల దగ్గర బాసిత్ పరుగున వచ్చాడు. "మేడం, వచ్చే నెల అబుదాబిలో టోర్నమెంటు. స్కోరు రాయడానికి మిమ్మల్నే పంపమంటాండారు. తోడు ఒకర్ని తీసుకపోవచ్చంట."

"వాళ్ళకి గోల్‌కీపర్ అవసరం లేదా?" అన్నాడు విజయభాస్కర్.

"లేదు సార్. తోడొచ్చినోళ్ళకి ఒక కుర్చీ వేస్తారు, మేడం వెనకాల."

విజయభాస్కర్ భార్య వైపు చూశాడు. ఆమె బిర్యానీలో లవంగాలు ఏరి పక్కన పెడుతూ, "స్వెట్టరు తెచ్చుకోండి. కూర్చుంటే చలి ఎక్కువగా ఉంటుంది" అంది.

అక్కడ పనివారం మొదలయ్యే ఆదివారం ఆఫీసుకు వెళ్ళగానే అతను నాలుగు రోజుల సెలవుకు అర్జీ పెట్టాడు. కారణం అన్న చోట "ఐస్ హాకీ" అని రాసి, ఒక్క క్షణం ఆగి, దాని ముందు "భార్య" అని చేర్చాడు.