తడి చేతులు

వైకుంఠం పట్టకారుతో చిన్న ఉంగరంలాంటి ఇనుప కడీ నోరు తెరిచి, చుట్టూ ఉన్న నాలుగు కడీల్లోకి దూర్చి, నోరు మూసి, సన్నని మేకు పెట్టి నొక్కాడు. ఇంకో కడీ అందుకున్నాడు. ఒళ్లోని ఇనుప అంగీ, నిద్రపోతున్న పిల్లాడిలా, మోకాళ్ల మీద బరువుగా పడి ఉంది. పొద్దున్నుంచి ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. నొప్పి వచ్చినప్పుడు చెయ్యి ఆపి, అది తగ్గాక మళ్లీ కదిలిస్తున్నాడు.

ఉప్పుగూడ స్టేషను వెనక రేకుల షెడ్డు అది. ఎండాకాలంలో లోపల మనుషులు ఉడికిపోతారు. ఇంగ్లండులో పాత యుద్ధాలను వేషాలు వేసుకుని మళ్లీ ఆడే సంఘాలున్నాయట. వాళ్లు తొడుక్కునే ఇనుప అంగీలు ఇక్కడే తయారవుతాయి. సరుకు తీసుకుపోయే బండి ఆ సాయంత్రమే వస్తుంది. మిగతా అంగీలన్నీ పెట్టెల్లోకి ఎక్కాయి. వైకుంఠం చేతిలోదొక్కటే మిగిలింది.

అంతకుముందు వైకుంఠం వెండి పట్టీలు చేసేవాడు. షెడ్డు యజమాని మనీష్ తండ్రికి పట్టీల దుకాణం ఉండేది. మిషన్ పట్టీలొచ్చి చేతి పట్టీలను మింగేశాయి. తండ్రి పోయాక కొడుకు ఇనుములోకి దిగాడు. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికని వైకుంఠమూ వెంట వచ్చాడు. పట్టీల నాటి అలవాటు మాత్రం ఒకటి వదులుకోలేదు. ఆ పనిలో ఆఖరి కడీని వెంటనే మూసేవారు కాదు. ఆడపిల్ల కాలికి పెట్టి చూసి, వదులో బిగువో సరిచేసి, అప్పుడు మూసేవారు. ఇక్కడ కొలత చూడ్డానికి ఎవరూ రారు. అయినా ఆఖరి కడీని వదిలేసి, వెళ్లి నీళ్లు తాగొచ్చి, అంగీని ఒకసారి కళ్లకద్దుకుని అప్పుడే మూస్తాడు.

నీళ్లు తాగడం ఆ షెడ్డులో ఒక నేరం. అంగీకి నూనె పట్టించేది ఆఖరి కడీ మూశాకే. అంతదాకా తడి చెయ్యి తగిలితే తెల్లారేసరికి తుప్పు. అందుకని మంచినీళ్ల కుండను గేటు అవతల పెట్టించాడు మనీష్. తాగాలంటే ఎండలో అంత దూరం నడవాలి, చేతులు ఆరేదాకా అక్కడే నిలబడాలి. అలా లేచినవాళ్లను మనీష్ చూసే చూపుకు జంకి అందరూ దాహం చంపుకునేవారు. ఇనుముకిచ్చిన విలువ మనిషి గొంతుకు ఇవ్వలేదు ఆ పెద్దమనిషి.

మధ్యాహ్నం మనీష్ ఫోను పట్టుకుని వచ్చాడు.

"చూడు కాకా, పోయినేడు నువ్వు చేసిన అంగీ."

తెర మీద పచ్చిక మైదానంలో ఇనుప మనుషులు కత్తులతో కొట్టుకుంటున్నారు.

"టౌటన్ అని ఊరు. ఐదు వందల ఏండ్ల కింద అక్కడ అసలు యుద్ధమైంది. ఈస్టర్ ముందొచ్చే మట్టల ఆదివారం నాడు, మంచు తుఫాన్ల."

"ఎవరెవరికి?"

"రాజు ఖాందాన్లనే రెండు పార్టీలు. తఖ్తు కోసం."

"అంటే పాలోళ్ల లొల్లి."

"అట్లనే అనుకో. గాలి ఒక్క దిక్కే కొట్టింది. ఒకళ్ల బాణాలు పోయి తగిలినయ్, ఇంకొకళ్లయి నడుమనే పడ్డయ్. ఉరికినోళ్లు వాగుల పడి ఒకరి మీదొకరు సచ్చిండ్రు. వేలమంది కాకా, ఒక్క రోజుల. పాపం ఒక దొర, దాహమై ఇనుప టోపీ తీసి తాగుతుంటె బాణమొచ్చి పోయిండంట."

మనీష్ నిజంగానే బాధగా నాలుక చప్పరించాడు. వైకుంఠం మాత్రం తెర మీద పడిపోయినవాళ్లనే చూస్తున్నాడు. కాసేపటికి వాళ్లంతా లేచి, గడ్డి దులుపుకుని, కప్పుల్లో చాయ్ పోసుకున్నారు.

"వీళ్లు లేస్తున్నరు" అన్నాడు.

"ఆట కదా కాకా."

"సేటూ, పొద్దుగాలసంది ఛాతిల పట్టినట్టున్నది. దవాఖానకు పోయొస్త. ఇంట్ల నాగమణి గూడ పొమ్మన్నది."

"గ్యాస్ ఉంటది, ఫికర్ జెయ్యకు. ఇది అయిపోగొట్టి పో. బండి ఆగదు."

ఐదు వందల ఏళ్ల కిందట పోయిన దొర దాహానికి కరిగిన గుండె అది. ఎదురుగా చెమటలు కక్కుతున్న మనిషిని చూసి కరగలేదు. వైకుంఠం కూడా మళ్లీ పట్టకారు అందుకున్నాడు. ఎదురు చెప్పడం అతనికి ఎవరూ నేర్పలేదు.

పక్క పీట మీది రవీందర్ పట్టకారు కింద పెట్టాడు.

"లెవ్వు అన్నా. స్కూటర్ మీద తీస్కపోత."

"మెడ కాడ జరంతనే ఉన్నది రా. అయిపోగొట్టి పోదం."

దబీర్‌పురా వైపు లోకల్ రైలు వెళ్లింది. షెడ్డు రేకులు అదిరి ఆగాయి. మెడ చుట్టూ వరస పూర్తయింది. ఒక్క కడీని నోరు తెరిచి ఉంచి, వైకుంఠం అంగీని పీట మీద పెట్టి లేచాడు. గోడ పట్టుకుని గేటు దాకా నడిచాడు. కుండలో గ్లాసు ముంచడం రవీందర్‌కు కనిపించింది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చోవడం కనిపించింది.

చేతులు ఆరేంత సేపు గడిచినా అతను రాలేదు. రవీందర్ వెళ్లేసరికి గ్లాసు దొర్లి ఉంది. నీళ్లు మట్టిలో ఇంకిపోతున్నాయి. పక్క గల్లీలోని కాంపౌండరు వచ్చి, నాడి చూసి, తల అడ్డంగా ఊపాడు.

ఇల్లు దగ్గరే. నాగమణి పరుగున వచ్చి భర్త తలను ఒళ్లోకి తీసుకుంది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత తలెత్తి మనీష్‌ను అడిగింది.

"సేటూ, దవాఖానకు పోత అని నిన్ను అడిగిండా?"

మనీష్ ఫోను వైపు చూశాడు.

"అడిగిండు వదినా" అన్నాడు రవీందర్.

ఆమె కొంగుతో భర్త ముఖం తుడిచింది. మనీష్ అక్కడ నిలబడలేక లోపలికి వెళ్లిపోయాడు. శవాన్ని ట్రాలీ ఆటోలో పడుకోబెడుతుండగానే సరుకు బండి వచ్చి హారన్ కొట్టింది. ఆ హారన్‌కైనా సిగ్గు ఉండాల్సింది. మనీష్ రవీందర్‌ను పక్కకు పిలిచాడు.

"ఒక్క కడీ ఉన్నది భాయ్. మూసి, నూనె వెట్టి పెట్టెల వెయ్యి. నువ్వు ఎన్కనే పోదువు."

రవీందర్ కుండ దగ్గరికి వెళ్లి రెండు చేతులూ మణికట్టు దాకా ముంచాడు. తుడుచుకోకుండా, నీళ్లు కార్చుకుంటూ షెడ్డులోకి నడిచాడు.

"అరే, చేతులు..." అన్నాడు మనీష్.

రవీందర్ అంగీ మెడను రెండు గుప్పిళ్లతో గట్టిగా పట్టుకున్నాడు. నీళ్లు కడీల సందుల్లోకి దిగాయి. అలాగే దాన్ని వైకుంఠం పీట మీద పెట్టి, ఆటో వెనకే వెళ్లిపోయాడు.

బండి ఆ ఒక్కటి లేకుండానే కదిలింది. తెల్లారి షెడ్డు తీసేసరికి అంగీ పీట మీదే ఉంది. ఆఖరి కడీ నోరు తెరిచే ఉంది, మెడకు అటూ ఇటూ వేళ్ల గుర్తులు ఎర్రగా తుప్పు పట్టాయి.