దీపస్తంభం దాకా అక్క

పొద్దున్నే పాల ప్యాకెట్టు తెచ్చే పని అక్కది. పాల కొట్టు దీపస్తంభానికి ఇవతలే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. టైలరు కొట్టు అవతల ఉంది. అందుకని బట్టలు కుట్టించుకోవాలంటే ఆయనే టేపు మెడలో వేసుకుని ఇవతలికొచ్చి కొలతలు తీసుకునేవాడు.

"అమ్మగారికి స్తంభం దాకేగా," అనేవాడు కొత్తగా పనిలో చేరినవాళ్ళతో. అందులో వింతేమీ లేదన్నట్టే అనేవాడు. స్తంభం దాటబోతే అక్క కాళ్ళు వాటంతటవే ఇంటివైపు తిరిగేవి. ఏళ్ళ తరబడి అంతే.

అక్కకి ఒక్కడే తమ్ముడు. ఆయన్ని వీధిలో అందరూ ముద్రల మాస్టారంటారు. చిత్రకళా కళాశాలలో ప్రొఫెసరు. చెక్కమీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితంమీద అచ్చు తియ్యడం ఆయన విద్య. మీసాలు మొలిచే వయసులో ఓ మధ్యాహ్నం అక్కని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఆవిణ్ణీ, ఇంటినీ, వీధినీ, దీపస్తంభాన్నీ చెక్కాడు. స్తంభం దగ్గరికొచ్చేసరికి చెక్క అంచు వచ్చేసింది.

మర్నాడే అక్క సర్వే ఆఫీసులో ఉద్యోగానికి బయల్దేరాలి. కొండలెక్కి నేల కొలిచే పని. పెట్టె పట్టుకుని స్తంభం దాకా వెళ్ళింది, తిరిగొచ్చింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. చివరికి వాళ్ళమ్మ ఆ పెట్టె అందుకుని మంచం కిందకి తోసేసింది. "బొమ్మలో పడ్డావే తల్లీ," అంది. ఇంకేమంటుంది?

ఆ బొమ్మే మాస్టారికి అన్నం పెట్టింది. ఉద్యోగం, డాక్టరేటు, శాలువాలు అన్నీ దాని పుణ్యమే. ఆ అచ్చులు పట్టుకుని ఆయన తిరగని ఊరు లేదు. ప్రతిసారీ సంచీ సర్దిపెట్టింది అక్కే. తిరిగొచ్చాక, "అక్కడ నేల ఎలా ఉంది? ఎత్తా, పల్లమా?" అని అడిగేది. ఆయన ఎప్పుడూ చూసి రాలేదు.

ఒక వానాకాలం ఆ చెక్కకి చెదలు పట్టాయి. అక్క వాటిని దులపలేదు సరికదా, రోజూ వెళ్ళి ఎంతవరకూ తిన్నాయో చూసుకునేది. చెక్క పొడై రాలిన రోజున చెప్పులు తొడుక్కుని బయల్దేరింది. స్తంభం దగ్గర కాళ్ళు వెనక్కి తిరిగాయి. అప్పటికే మాస్టారు ఆ చెక్కని స్కాన్ చేసి కంప్యూటర్లో దాచాడు. మూలం ఎక్కడుంటే మనిషి అక్కడే కదా. అక్క చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టి, "బాగా దాచావురా," అంది. 

తర్వాత కాలేజీలో కంప్యూటర్ బొమ్మల విభాగం పెట్టి మాస్టారిని పెద్దని చేశారు. ఇన్నేళ్ళయినా అందరూ అడిగేది ఆ ఒక్క బొమ్మే. ఆయన ఇంకేం గీసినా జనం ఓ నిమిషం చూసి, "కిటికీ దగ్గరమ్మాయి ఏదండీ?" అనేవారు. గానుగెద్దు బతుకైపోయిందని ఆయన లోపల కుమిలేవాడు. ఇంటికొస్తే కిటికీ దగ్గర అక్క.

ఆ ఏడు డీన్ ఆయన్ని పిలిచి, "పెద్ద హాల్లో గోడంత తెర పెడుతున్నాం. బొమ్మ చాలదు, కాస్త పెంచండి," అన్నాడు.

మాస్టారు స్తంభానికి కుడివైపున ఇంత రోడ్డు గీశాడు, టైలరు కొట్టు గీశాడు, సేవ్ చేశాడు. మర్నాడు పొద్దున టైలరు తలెత్తేసరికి ఎదురుగా అక్క నిలబడి ఉంది.

"రండమ్మా, కూర్చోండి," అన్నాడు టైలరు, స్టూలు దులిపి.

అక్క కూర్చోలేదు. కుట్టుమిషన్ని, గుడ్డపీలికల్ని, గోడమీది అద్దాన్ని తడిమి తడిమి చూసింది. ఇంటికొచ్చి తమ్ముడి రెండు చేతులూ పట్టుకుంది. 

ఇక మాస్టారికి పూనకం వచ్చినట్టయింది. లైబ్రరీ గీశాడు, ఏటిగట్టు గీశాడు, స్టేషను గీశాడు. ఆయన గీసిన చోటికల్లా అక్క వెళ్ళొచ్చేది. తెరమీద బొమ్మ వారం వారం పెరుగుతుంటే చూడ్డానికి జనం బారులు తీరారు. డీన్ ఆయన్ని కావలించుకున్నంత పని చేశాడు.

స్టేషనుకి వెళ్ళొచ్చిన రోజున అక్క బల్ల ముందు కూర్చుంది.

"రైలెక్కబోతే ఏమైందో తెలుసా? కాలు గాల్లోనే ఆగిపోయింది. పట్టాలు ప్లాట్‌ఫారం చివరిదాకే గీశావు."

"రేపు ఇంకో ఊరు గీస్తానక్కా."

"ఒరేయ్, ఒక్కటడుగుతాను చెప్పు. నేను బయటికెళ్తున్నానా, నీ బొమ్మ పెద్దదవుతోందా?"

మాస్టారు గ్లాసు అందుకుని నీళ్ళు తాగాడు.

"నన్ను తీసెయ్," అంది అక్క.

"తీసేస్తే నీకేమవుతుందో ఎవరికి తెలుసు!"

"ఏదో ఒకటి అవుతుంది. ఇక్కడ ఏమీ కాదుగా."

ఆ మాట పట్టుకుని ఆయన కొన్నాళ్ళు నలిగాడు. అక్క ప్రాణానికేమైనా అవుతుందని భయపడుతున్నాననుకున్నాడు. తరచి చూసుకుంటే ఆ భయం పక్కనే ఇంకొకటి నక్కి కూర్చుంది. అక్క లేని కిటికీని ఎవరు చూస్తారు? ఆ రెండోది కనబడ్డాక ఆయనకి ముద్ద దిగలేదు.

ఒక మధ్యాహ్నం కాలేజీలో తన గది తలుపేసుకుని మూలం ఫైలు తెరిచాడు. దానికి నకలు లేదు, పాస్‌వర్డూ ఆయనకే తెలుసు. అక్క మొహం తెరనిండా పెంచాడు. ముక్కు కాస్త వంకరపోయింది. కుర్ర చెయ్యి, ఉలి జారింది. ఇన్నేళ్ళలో ఆయన చూసుకోనే లేదు. పాదాల దగ్గర మొదలుపెట్టి తుడుచుకుంటూ పైకొచ్చాడు. కళ్ళ దగ్గర చెయ్యి ఆగింది. తుడిచాడు. సేవ్ చేశాడు.

ఇంటికి ఫోను చేస్తే మోగీ మోగీ ఆగిపోయింది. బస్సు దొరక్క సగం దారి పరిగెత్తాడు. ఇల్లు తాళం వేసి ఉంది. కిటికీలో ఎవరూ లేరు.

టైలరు కొట్లోంచి కేకేశాడు. "తాళంచెవి నాకిచ్చారండీ! ఎక్కడికమ్మా అంటే, చూసి చెప్తానన్నారు."

లోపలికి వెళ్తుండగా డీన్ నుంచి ఫోను. "మాస్టారూ, తెరమీద కిటికీ ఖాళీగా ఉందేమిటండీ?"

"ఆవిడ బయటికెళ్ళారండీ."

"అలాగా. ఎప్పుడొస్తారు?"

"చెప్పలేదండీ."

"జనం అడుగుతారే మరి," అని నసిగి డీన్ పెట్టేశాడు. ఇక ఆ తెర తీసేస్తారని మాస్టారికి తెలుసు. తన సంగతి ఏమవుతుందో తెలీదు.

ఆకలేసింది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించి, ఎసరు పెట్టి, అల్మారా ముందు నిలబడ్డాడు. డబ్బాలన్నీ ఒకేలా ఉన్నాయి. ఈ ఇంట్లో పుట్టి పెరిగినవాడికి ఎందులో ఏముందో ఒక్కటీ తెలీదు.

పొద్దు వాలుతుండగా మళ్ళీ ఫోను మోగింది. అవతల హోరుగాలి, మధ్యలో అక్క రొప్పుతున్న చప్పుడు.

"అక్కా! ఎక్కడున్నావ్?"

"ఊరి బోర్డు చదవలేదురా. కొండ ఉంది. ఎక్కుతున్నాను."

"ఒంట్లో బాగానే ఉందా?"

"మోకాళ్ళు లాగేస్తున్నాయి," అంది, అదేదో బహుమానం అన్నట్టు.

 అడగాలనుకున్నది అడగలేక, "ఉప్పు డబ్బా ఎక్కడుందక్కా?" అన్నాడు.

అక్క నవ్వింది. చిన్నప్పుడు ఎప్పుడో విన్న నవ్వు.

"వెతుక్కో," అంది.